నాన్న కవచం స్టేజీ మీదే బీటలిచ్చింది, ఫోమ్‌తో వేషాలు చెయ్యడం మానెయ్యాలా?

ఈసారి ఉత్తరం గుంటూరు జిల్లా నుంచి వచ్చింది. పేరు రాయొద్దంది కాబట్టి చెల్లి అనే అంటాను. వయసు 27, ఒక ప్రైవేటు స్కూల్లో డ్రాయింగ్ టీచరు. వాళ్ల నాన్నగారికి 61 ఏళ్లు, పౌరాణిక నాటకాల్లో ముప్పై ఏళ్లకు పైగా దుర్యోధనుడి వేషం కడుతున్నారు. ఆయన పాత కిరీటం, కవచం, భుజకీర్తులు అట్ట, చెక్క, రేకు, అద్దం బిళ్లలతో చేసినవి. బాగా బరువు. రెండేళ్లుగా ఆయనకు మెడనొప్పి, తల మీదా భుజాల మీదా బరువు పెట్టొద్దని డాక్టరు చెప్పారు. వేషం మాత్రం మాననన్నారు ఆయన. అందుకని ఈ అమ్మాయి వీడియోలు చూసి, పిల్లల ఆటగదుల్లో పరిచే ఈవీఏ ఫోమ్ మ్యాట్లు తెప్పించి, రెండు నెలలు రాత్రుళ్లు కూర్చుని మొత్తం సెట్టు చేసింది. కవచానికి 10 ఎం.ఎం. షీటు, నగిషీలకు స్టేషనరీ షాపులో దొరికే పల్చటి ఫోమ్, అతికించడానికి ఎస్సార్ గమ్ము, అంటే సింథటిక్ రబ్బరు జిగురు. పైన నాలుగు కోట్లు ఫెవికాల్, దాని మీద గోల్డ్ ఎనామిల్ స్ప్రే. ఖర్చు 9 వేలు దాటింది.

ఇంట్లో చూస్తే ధగధగలాడింది. శ్రీరామనవమికి ఊళ్లో నాటకం. నాన్నగారు సింహాసనం మీంచి లేచి, చెయ్యెత్తి పద్యం అందుకునేసరికి చంక దగ్గర నుంచి రొమ్ము దాకా బీటలు వచ్చాయి, బంగారు పెచ్చులు రాలాయి, లోపలి తెలుపు బయటపడింది. ముందు వరసలో కుర్రాళ్లు నవ్వారు. చెమటకి అంచులు జిగురుగా మారి ఉత్తరీయానికి అంటుకున్నాయి. నాన్నగారు ఒక్క మాటా అనలేదు. మర్నాడు ట్రంకు పెట్టెలోంచి పాత కవచం తీసి తుడుచుకున్నారు, అంతే. తమ్ముడు మాత్రం 9 వేలు గంగలో పోశావన్నాడు. ఇది జరిగాక పక్క మండలం నాటక సమాజం వాళ్లు ఫోటోలు చూసి, దసరాకి ఐదు సెట్లు చేసిపెట్టమని, 10 వేలు అడ్వాన్సు ఇస్తామని అడిగారు. ఈ అమ్మాయి అడిగినవి ఇవి: తప్పెక్కడ జరిగింది, పాడైన కవచం బాగవుతుందా, ఆర్డరు ఒప్పుకోవచ్చా, నాన్నతో ఎలా మాట్లాడాలి. చివర్లో చిన్నగా, ఉత్తరీయం మీద మరక పోతుందా అని కూడా.

చెల్లీ, "నా చేతిలో పనితనం లేదేమో అక్కా" అని ఉత్తరంలో రెండు చోట్ల రాశావు. అదే ఉత్తరంలో కిరీటం, గద బాగానే ఉన్నాయని కూడా రాశావు. ఒక్కసారి ఆ రెండు మాటలూ పక్కపక్కన పెట్టి చూడు. అదే చెయ్యి, అదే ఫెవికాల్, అదే స్ప్రే డబ్బా, కానీ కిరీటానికి ఏమీ కాలేదు, కవచం పగిలింది. కిరీటం వంగదు, గద వంగదు. వంగేది కవచం ఒక్కటే, అందులోనూ చంక దగ్గర. అంటే పనితనంలో లోపం లేదు, మెత్తటి ఫోమ్ మీద గట్టి పూత వేశావు, అది వంగాల్సిన చోట వంగలేక పగిలింది. మనుషుల వేషాలకు నేను పదేళ్లకు పైగా కుడుతున్నాను, అతికిస్తున్నాను, మొదట్లో నాకూ ఇదే జరిగింది, స్కూలు పిల్లల నాటకంలో గరుత్మంతుడి రెక్కలు మొదటి సీను అయ్యేసరికే పొలుసులు పొలుసులుగా రాలిపోయాయి. ఆ రోజు పడ్డ బాధ నాకు గుర్తుంది కాబట్టి నీది ఎంతో తెలుస్తోంది.

లెక్క చెప్తే ఇంకా బాగా అర్థమవుతుంది. ఏ షీటునైనా వంచితే లోపలి ముఖం నలుగుతుంది, బయటి ముఖం సాగుతుంది, మధ్య పొర మాత్రం దాదాపు అలాగే ఉంటుంది. 10 ఎం.ఎం. ఫోమ్‌ని చంక దగ్గర 2 సెంటీమీటర్ల వ్యాసార్థం ఉన్న వంపులో మడిస్తే బయటి ముఖం సుమారు 20 శాతం సాగాలి. ఫోమ్ సాగుతుంది, దానికేం బాధ లేదు. దాని మీద ఎండిన ఎనామిల్ అంత సాగదు, పగులుతుంది. అదే 5 ఎం.ఎం. షీటైతే అదే వంపులో సాగాల్సింది 11 శాతమే. రొమ్ము మధ్యలో వంపు చాలా విశాలం, వంగేది తక్కువ కాబట్టి అక్కడ 10 ఎం.ఎం. అయినా సాగేది మూడు నాలుగు శాతమే. అందుకే నీ కవచం మధ్యలో ఉన్న సింహం బొమ్మ చెక్కు చెదరలేదు.

రెండో సంగతి ఫెవికాల్. తెల్ల ఫెవికాల్ అంటే పాలీవినైల్ ఎసిటేట్, నీళ్లలో కలిసిన జిగురు, చెక్క పట్టుకోవడానికి చేసింది. ఈవీఏలో కూడా వినైల్ ఎసిటేట్ ఉంటుంది గానీ అందులో ఇథిలీన్ కలవడం వల్లే రబ్బరులా సాగుతుంది. ఇథిలీన్ లేని ఉత్త పాలీవినైల్ ఎసిటేట్ సుమారు 30 డిగ్రీల కింద గట్టిగా ఉంటుంది, ఆ పైన మెత్తబడుతుంది, తడి తగిలితే ఇంకా మెత్తబడుతుంది. ఏప్రిల్ రాత్రి, ఫోకస్ లైట్ల కింద, ఒళ్లంతా చెమటతో ఉన్న మనిషి మీద ఏం జరుగుతుందో నువ్వే ఊహించు. పైన ఎనామిల్ పగులుతోంది, కింద ఫెవికాల్ జిగురెక్కుతోంది. ఫెవికాల్ చెడ్డదని కాదు, గదకీ కిరీటానికీ నేను ఇప్పటికీ అదే వాడతాను, చవక, పిల్లలు దగ్గరున్నా భయం లేదు. ఒంటికి తగిలే చోట, వంగే చోట మాత్రం వద్దు.

మరి ఏం వెయ్యాలి అంటావు. ముందు జిగురూ రంగూ కాదు, వేడి. ఫోమ్ పైకి నున్నగా కనిపించినా కోసిన అంచుల్లో, గీకిన చోట సన్నటి గుంటలు తెరుచుకుని ఉంటాయి, అవే రంగు తాగేస్తాయి. హీట్ గన్, అంటే వేడి గాలి చిమ్మే మిషను, ఒకచోట ఆపకుండా ఇస్త్రీ చేసినట్టు ఆడిస్తూ పోతే పైపొర కాస్త మెరుపు తేలుతుంది, ఆ గుంటలు మూసుకున్నాయని గుర్తు. ఒక్కచోట ఆపావంటే ముడుచుకుపోతుంది, పొగ వస్తుంది, ఆ పొగ పీల్చకూడదు. వేడి పెట్టడం, వంపు తిప్పడం అతికించక ముందే చేసుకో. ఎస్సార్ గమ్ము రాసిన అతుకు మీద వేడి పెడితే అతుకు విడిపోతుంది, గమ్ము ఇంకా ఆరకపోతే నిప్పంటుకునే ప్రమాదం కూడా ఉంది. ఈ పని వంటింటి దగ్గర అస్సలు వద్దు, డాబా మీద చేసుకో. ఎస్సార్ వాసన మామూలు గుడ్డ మాస్కుతో ఆగదు, గాలి బాగా ఆడేలా కూర్చోవడమే మందు.

తర్వాత పూత. గుర్తు పెట్టుకోవాల్సింది ఒక్కటే, ఏ పొర వేసినా అది కింద పొర సాగినంతా సాగాలి. ఒక్క పొర మొండికేసినా పైనున్నవన్నీ దానితో పాటే పగులుతాయి. మన దగ్గర తేలిగ్గా దొరికేవాటిలో నేను ఎక్కువ నమ్మేది బట్టల మీద వేసే యాక్రిలిక్ ఫ్యాబ్రిక్ కలర్లు. బట్ట నలుగుతుంది, ఉతుకుతాం, అయినా ఆ రంగు పగలకూడదని చేసినవి కాబట్టి పోస్టరు కలర్ల కన్నా, ఎనామిల్ కన్నా ఎంతో మెత్తగా ఉంటాయి. మొదటి కోటు కొంచెం నీళ్లు కలిపి, తర్వాత మూడు నాలుగు కోట్లు పల్చగా. ఆ సీసాల మీద రంగు ఆరాక ఇస్త్రీ చెయ్యమని ఉంటుంది, అది బట్టకి, ఫోమ్ మీద ఇస్త్రీ పెట్టావంటే కరుగుతుంది. దీనికన్నా గట్టి పూత కావాలంటే ఇథిలీన్ కలిసిన వినైల్ ఎసిటేట్ జిగుర్లు ఉంటాయి, వాటిని వీఏఈ అంటారు, పెద్ద కెమికల్ షాపుల్లో అడుగు, ఎండినా సాగే గుణం పోదు. డాబాల మీద వాటర్‌ప్రూఫింగ్‌కి వేసే సాగే యాక్రిలిక్ పూతతో కూడా సీల్ చెయ్యవచ్చు. కానీ అది మందం, సన్నటి నగిషీలు పూడుకుపోతాయి, కాస్త మెత్తగా ఉండిపోయి దుమ్ము పట్టుకుంటుంది, కాబట్టి మీద రంగు తప్పదు. డబ్బాలో వచ్చే రబ్బరు స్ప్రే అన్నిటికన్నా నున్నగా వస్తుంది, ఖరీదు ఎక్కువ, వాసన ఘాటు, ఐదు సెట్లకి నీకు గిట్టుబాటు కాదు.

లిక్విడ్ లేటెక్స్ గురించి ఎవరో చెప్పారని రాశావు. సోఫాల్లో వాడే స్పాంజితో రాక్షసుల పొట్టలు, కోతి మూతులు చేసినప్పుడు అది బ్రహ్మాండంగా పనికొస్తుంది, స్పాంజి దాన్ని పీల్చుకుని చర్మంలా తయారవుతుంది. కానీ కొందరి ఒంటికి రబ్బరు పడదు, దద్దుర్లు వస్తాయి, నాన్నగారికి పడుతుందో లేదో ముందు చేతి మీద కొంచెం రాసి చూడకుండా వాడొద్దు. ఇంకోటి, మన వేషాల్లో అంతా బంగారమే కదా, బంగారు రంగుగా అమ్మే కంచు పొడిలో రాగి ఉంటుంది, రాగి సహజ రబ్బరుని తినేస్తుంది, కొన్నాళ్లకి పొడిపొడి అయిపోతుంది. లేటెక్స్ మీద బంగారం కావాలంటే అభ్రకంతో చేసిన గోల్డ్ రంగు వాడాలి. నిజానికి లేటెక్స్ లేకపోయినా నాకు అభ్రకం రంగే ఇష్టం, కంచు పొడి చెమటకి నల్లబడుతుంది, పచ్చబడుతుంది.

బంగారం ఎలా వెయ్యాలన్నది కూడా చెప్పనీ. నువ్వు కింద ముదురు రంగు ఏదీ వెయ్యకుండా నేరుగా గోల్డ్ కొట్టావు, అందుకే సన్నటి గీత పడినా తెల్లగా చివరి వరసకి కూడా కనిపించింది. ఈసారి నల్ల ఫోమ్ తీసుకో, లేదా సీల్ చేసే పూతలోనే గోధుమ రంగో ముదురు ఎరుపో కలుపు. దాని మీద బంగారు రంగుని దాదాపు పొడిగా ఉన్న బ్రష్షుతో, ఎత్తుగా ఉన్న నగిషీల మీద మాత్రమే తగిలేలా రుద్దు. పల్లాల్లో ముదురు రంగు ఉండిపోతుంది కాబట్టి దూరానికి లోహంలా కనిపిస్తుంది, ఎక్కడైనా గీత పడినా నీడలో కలిసిపోతుంది. స్టేజీ లైటుకి మొత్తం మెరిసే బంగారం కన్నా ఇదే బాగుంటుంది, ఈ మాట ఎవరు కాదన్నా నేను ఒప్పుకోను.

ఇప్పుడు చెప్పేది వీడియోల్లో చాలామంది చూపించనిది. కవచాన్ని నేల మీద పరిచి రంగు వేశావని నీ ఫోటోలో ఉంది. పరిచి వేసిన పూత పరిచిన కొలతకే ఎండుతుంది, తర్వాత మనిషి తొడుక్కుంటే ఆ పూత మొదటి నిమిషం నుంచే లాగుకుని ఉంటుంది, ఇంకా చెయ్యి ఎత్తకముందే. కాబట్టి ముందు వేడితో రొమ్ము ఆకారం తిప్పి, బిందె మీదో, పాత చొక్కాలో గుడ్డలు కుక్కిన బొమ్మ మీదో తొడిగి కట్టి, ఆ ఆకారంలోనే ప్రతి కోటూ వెయ్యి, ఆ ఆకారంలోనే ఆరనివ్వు. ముట్టుకుంటే అంటుకోకపోవడం వేరు, లోపలిదాకా ఆరడం వేరు. చివరి కోటు తర్వాత నాలుగైదు రోజులు వదిలెయ్యి, వానాకాలం అయితే ఇంకా ఎక్కువ.

పాడైన కవచం సంగతికి వస్తే, నీకు మూడు దార్లు ఉన్నాయి. ఒకటి, మొత్తం పొర తీసి మళ్లీ వెయ్యడం. ఊడుతున్న పెచ్చులు గీకేసి, గోరువెచ్చటి నీళ్లలో ముంచిన గుడ్డ పది నిమిషాలు కప్పి ఉంచితే ఎనామిల్ పగిలిన చోట్ల నీళ్లు లోపలికి వెళ్లి ఫెవికాల్ మెత్తబడుతుంది, చర్మంలా ఊడొస్తుంది. రెండు మూడు సాయంత్రాలు పడుతుంది, ఓపిక కావాలి, కానీ ఫోమ్ దక్కుతుంది. పగిలినదాని మీద మాత్రం మళ్లీ రంగు వెయ్యొద్దు, కింద బీట ఉన్నంతకాలం పైనా అక్కడే వస్తుంది. రెండోది, నేనైతే చేసేది, వంగే చోట ఫోమే లేకుండా చెయ్యడం. కవచాన్ని రొమ్ము, రెండు పక్కలు, భుజాలు అని ముక్కలుగా కోసి, మధ్యలో రెండు వేళ్ల వెడల్పు గోల్డ్ బట్టో వెడల్పాటి ఎలాస్టిక్కో పెట్టి కలుపు, చంక దగ్గర పూర్తిగా బట్టే. అతుకుల మీద జరీ లేసు వేస్తే అది అలంకారంలాగే కనిపిస్తుంది. అప్పుడు ఫోమ్ ముక్కలు దాదాపు వంగవు కాబట్టి నీ పాత పూత కూడా చాలా భాగం నిలుస్తుంది, గాలి ఆడుతుంది, 61 ఏళ్ల మనిషికి అది చిన్న విషయం కాదు. లోపల కాటన్ లైనింగ్ కుట్టడం మర్చిపోకు. మూడోది, ఈ కవచాన్ని ఫోటోల వరకు ఉంచుకుని, నాటకానికి ఒక్క కిరీటం, భుజకీర్తులు, గద ఫోమ్‌వి, కవచం బదులు నగిషీ కుట్టిన వెల్వెట్ బట్ట. పని తక్కువ. కానీ దుర్యోధనుడి రొమ్ము నిండుగా కనిపించదు, నాన్నగారు దానికి ఒప్పుకుంటారా అన్నది ఆయన్నే అడగాలి.

ఏ దారి పట్టినా ముందు ముక్క మీద పరీక్ష చెయ్యి. రెండు అంగుళాల వెడల్పు పట్టీలు నాలుగు కోసి, ఒక్కోదానికి ఒక్కో పూత వేసి, నాలుగైదు రోజులు ఆరాక వేలికి చుట్టి యాభై సార్లు వంచు. ఉప్పు నీళ్లలో తడిపిన గుడ్డ కట్టి ఒక రాత్రి ఉంచు, చెమట లాంటిదే కదా. టేపు అంటించి లాగు. ఈ మూడింటికీ నిలిచినదే నాన్నగారి ఒంటి మీదకి వెళ్లాలి.

ఆర్డరు గురించి నాకు కొంచెం భయంగానే ఉంది. ఐదు సెట్లు అంటే నీ రెండు నెలల పని ఐదు రెట్లు, స్కూలు చూసుకుంటూ. దసరాకి ఉన్నది రెండున్నర నెలలు, అందులో వానలు, పూత ఆరదు. ఒప్పుకుంటే డబ్బూ పేరూ వస్తాయి, కానీ పరీక్షించని పూతతో ఐదుగురు స్టేజీ ఎక్కి, అందులో ఒక్కటి పగిలినా నీ ఫోమ్ పని గురించి ఆ చుట్టుపక్కల సమాజాలన్నీ ఒకే మాట అనుకుంటాయి. వద్దంటే ఆ అవకాశం మళ్లీ రాకపోవచ్చు, అదీ నిజమే. మధ్యలో ఒక దారి ఉంది. కిరీటాలు, గదలు, భుజకీర్తులు మాత్రం ఐదుగురికీ చేస్తాను, అవి నాకు వచ్చు, కవచాలు ఈసారికి డ్రస్ కంపెనీలో అద్దెకు తెచ్చుకోండి, సంక్రాంతికి ఒక కవచం చేసి చూపిస్తాను, నచ్చితే మిగతావి అను. అవి నువ్వు ఇప్పటికే చేసిన వస్తువులే కాబట్టి ఆ మాట ధైర్యంగా చెప్పగలవు. అడ్వాన్సు సామానుకి సరిపడా మాత్రమే తీసుకో, మొత్తం 10 వేలూ తీసుకుంటే తమ్ముడి మాటకి జవాబు దొరికినట్టు ఉంటుంది గానీ టెన్షన్ నీ నెత్తిన పడుతుంది.

నాన్నగారి విషయం. ఆయన మౌనాన్ని నువ్వు కోపం అనుకుంటున్నావు. కోపమే కావచ్చు, అవమానం కావచ్చు, నిన్ను నొప్పించకూడదనీ కావచ్చు, ఇక్కడ కూర్చుని నేను చెప్పలేను. కానీ నీ ఉత్తరంలోనే ఒక వాక్యం ఉంది, నువ్వు దాటేసి వెళ్లిపోయావు: రెండో బెల్లు తర్వాత పాత కవచం మార్చుకోమని మేకప్ మాస్టారు అన్నా ఆయన మార్చుకోలేదు, తెల్లవారే దాకా నీదే వేసుకున్నారు. కుర్రాళ్లు నవ్వాక కూడా. ఆ మాట ఇంకోసారి చదువుకో.

క్షమాపణ చెప్పాలా అని అడిగావు. చెప్పవచ్చు, తప్పేం లేదు, కానీ ఆయన 'పర్లేదులే' అంటారు, మళ్లీ ట్రంకు పెట్టె దగ్గరికే వెళ్తారు, మాట అక్కడే ఆగిపోతుంది. దానికన్నా ఆయన దగ్గర పని అడుగు. రంగు వెయ్యని ఉత్త ఫోమ్‌తో కవచం కోసి, సూదిపిన్నులతో తాత్కాలికంగా కూర్చి, "నాన్నా, ఒక్క పదినిమిషాలు ఇది తొడుక్కుని రాయబారం సీను పద్యాలు చదవండి, చెయ్యి ఎక్కడెక్కడ లేస్తుందో నేను గీసుకోవాలి" అను. ఆయన లేచినప్పుడు, తొడ చరిచినప్పుడు, పక్కకి తిరిగి శకునిని చూసినప్పుడు ఫోమ్ ఎక్కడ ముడత పడుతుందో అక్కడ స్కెచ్ పెన్నుతో గీత పెట్టు. ఆ గీతలన్నీ బట్ట రావాల్సిన చోట్లు. ముప్పై ఏళ్లుగా ఆ వేషంలో కదిలిన ఒళ్లు ఆయనది, ఏ వీడియోలోనూ ఆ కొలత దొరకదు. మొదటిసారి నువ్వు ఆయనకి తెలియకుండా, సర్‌ప్రైజ్‌గా చేశావు. ప్రేమతోనే, కానీ అందువల్లే ఈ ఒక్క సంగతి నీకు తెలియకుండా పోయింది. ఆయన వద్దంటే బలవంతం చెయ్యకు. కిరీటం ఒక్కటి మాత్రం తలకి పెట్టుకోమను, మెడ నొప్పి ఉన్నది అక్కడే కదా, కిరీటానికి ఏమీ కాలేదు కదా. కవచం తర్వాత చూసుకోవచ్చు.

దాచేటప్పుడు ఒక జాగ్రత్త. యాక్రిలిక్ పూత ఎండాకాలం ట్రంకు పెట్టెలో కాస్త జిగురెక్కుతుంది, రెండు ముక్కలు ముఖాముఖీ తగిలితే అంటుకుంటాయి. రెక్సిన్, మెత్తటి పీవీసీ ప్లాస్టిక్ కవర్లలో చుట్టొద్దు, వాటిలోని మెత్తదనం ఇచ్చే నూనె లాంటి పదార్థం రంగులోకి దిగి పాడు చేస్తుంది. పాత కాటన్ చీర ముక్కలు మధ్యలో వేసి, మడవకుండా, కవచం ఆకారం నిలిచేలా లోపల గుడ్డలు కుక్కి పెట్టు.

ఉత్తరీయం మీద అంటుకున్నదాంట్లో తెల్ల జిగురు పోతుంది. గోరువెచ్చటి నీళ్లలో అరగంట నానబెట్టి, గోటితో కాకుండా చెంచా వెనక వైపుతో మెల్లగా తియ్యి. బంగారు మచ్చలు ఎనామిల్ కాబట్టి నీళ్లకి లొంగవు, పట్టు కలిసిన బట్ట అన్నావు, ఇంట్లో థిన్నర్ పెట్టి రుద్దకు, రంగు దిగిపోతుంది. డ్రైక్లీనింగ్‌కి ఇచ్చి అది ఎనామిల్ పెయింటని ముందే చెప్పు. అప్పటికీ రెండు మూడు మచ్చలు మిగిలితే వాటి మీద చమ్కీలు కుట్టెయ్యి, రాజు ఉత్తరీయమే కదా.